వాడికి బెంగండీ

ఇరవై ఏళ్ళ కుర్రాడు, ఇంజనీరింగ్ మూడో సంవత్సరం. నా దగ్గరకు కౌన్సెలింగ్ కోసం వచ్చి, కుర్చీలో కూర్చుంటూనే "నాకు యాంగ్జైటీ ఉంది మేడమ్" అన్నాడు. సాయంత్రం ఆరు కావస్తుంటే గుండె దడ మొదలవుతుందట. హాస్టల్ గదిలో ఉండలేక మెట్ల మీదకు వచ్చి కూర్చుంటాడట. ఏదో వీడియోలో చెప్పిన లక్షణాలన్నీ తనకు సరిపోయాయని, అందుకే వచ్చానని చెప్పాడు. నేను అడగవలసినవన్నీ అడిగాను. అతను అన్నది నిజమే. మా పుస్తకాల ప్రకారం చూసినా అది యాంగ్జైటీయే. ఊపిరి నెమ్మదిగా తీసి వదిలే అభ్యాసం నేర్పాను. ఒక పట్టిక గీసి ఇచ్చాను: ఏం జరిగింది, అప్పుడు ఏ ఆలోచన వచ్చింది, ఏ భావం కలిగింది, అది వందకు ఎంత. మూడు వారాలు బుద్ధిగా నింపి తెచ్చాడు. భావం అన్న గడిలో రోజూ ఒకటే మాట, యాంగ్జైటీ. పక్కన అంకె. 70, 75, 70.

అతనితో వాళ్ళ నాయనమ్మ వచ్చేవారు. గది బయట బల్ల మీద, ఒళ్ళో స్టీలు డబ్బా పెట్టుకుని, మనవడు బయటకు వచ్చేదాకా కదలకుండా కూర్చునేవారు. మూడో వారం నేను తలుపు దాకా వెళ్ళాను. అతను అప్పటికే మెట్లు దిగుతున్నాడు. ఆవిడ గోడ పట్టుకుని, వంగి, వేలితో చెప్పు పట్టీ లాక్కుంటూ, నా వైపు చూడకుండానే అన్నారు: "వాడికి బెంగండీ. వాళ్ళ తాతయ్య మీద."

అతని అనుమతితోనే ఇది రాస్తున్నాను. ఆనవాలు పట్టే వివరాలు మార్చాను. ఆవిడ మాట మాత్రం మార్చలేదు.

ఆ రోజు నుంచి నా మనసులో నలుగుతున్న విషయం ఒకటుంది. మనిషి బాధకు ఇంట్లో ఒక పేరు ఉంటుంది. మా దగ్గరకు వచ్చేసరికి ఆ పేరును తలుపు బయటే, చెప్పులతో పాటు, విడిచిపెట్టి వస్తున్నారు. లోపల నేను ఇంగ్లిషు పేరుతో పని మొదలుపెడుతున్నాను. ఇలా చేసి మేము చేతికి అందిన ఆధారాల్లో సగం పారేసుకుంటున్నామని నా నమ్మకం. ఇంగ్లిషు పేర్లు వద్దని నేను అనడం లేదు. ఇంట్లో వాడే పేరు అడగకుండా ఇంగ్లిషు పేరు రాయకూడదు అంటున్నాను.

ఎవరి మీద?

'బెంగ' అన్న మాట ఒంటరిగా నిలబడదు. దానితో పాటే 'మీద' వస్తుంది. అమ్మ మీద బెంగ, పుట్టింటి మీద బెంగ, ఊరి మీద బెంగ. దూడను అమ్మేస్తే ఆవు దాని మీద బెంగ పెట్టుకుని మేత ముట్టడం లేదంటాం. ఎవరికైనా బెంగ అని వినగానే అప్రయత్నంగా మన నోట వచ్చే ప్రశ్న "ఎవరి మీద?" అని. మాటలోనే తరువాతి ప్రశ్న ఉంది. మాలాంటివాళ్ళం ఆ ప్రశ్న దగ్గరకు చేరడానికి ఒక్కోసారి నాలుగైదు వారాలు తీసుకుంటాం.

డిప్రెషన్ విషయంలో తెలుగు వాడుక ఎలా స్థిరపడిందో గమనించండి. డిప్రెషన్ 'వచ్చింది' అంటాం, జ్వరం వచ్చినట్టు. లేదా డిప్రెషన్ 'లోకి వెళ్ళాడు' అంటాం, గోతిలో దిగినట్టు. ఎవరి మీద, దేని గురించి అన్న ప్రశ్నకు ఆ వాక్యంలో చోటు లేదు. యాంగ్జైటీ అయితే 'ఉంది'. జేబులో ఫోను ఉన్నట్టు ఉంది, అంతే. దిగులు పడతాం, బెంగ పెట్టుకుంటాం, గుబులు పుడుతుంది, ఉక్రోషం తన్నుకొస్తుంది, విసుగు పుట్టి విరక్తి దాకా వెళుతుంది. ఈ క్రియలు ఊరికే వేరువేరుగా లేవు. ఏది ఎక్కడి నుంచి బయలుదేరుతుందో, ఎటు పోతుందో అవే చెబుతున్నాయి.

తరువాతి వారం ఆ అబ్బాయితో "మీ నాయనమ్మగారు దీన్ని బెంగ అంటున్నారు" అన్నాను. నవ్వేశాడు. "బెంగ చిన్నపిల్లలకు కదా మేడమ్" అన్నాడు. ఆ తరువాత చాలాసేపు మాట్లాడలేదు. ఫ్యాను కింద పట్టిక కాగితం అంచు లేస్తూ పడుతూ ఉంది. దాన్ని వేలితో నొక్కి పట్టుకుని చెప్పడం మొదలుపెట్టాడు.

తాతయ్య రోజూ సాయంత్రం ఆరింటికి ఫోన్ చేసేవారట. నిరుడు సెమిస్టర్ పరీక్షల సమయంలో ఆయన పోయారు. పరీక్షలు పాడవుతాయని ఇంట్లోవాళ్ళు చెప్పలేదు. ఆరు దాటినా ఫోన్ రాకపోయేసరికి ఇతనే చేస్తే, ఎవరో ఒకరు ఎత్తి "తాతయ్య పడుకున్నారు" అనేవారట. అలా తొమ్మిది రోజులు. పరీక్షలు ముగిశాక ఇంటికి వెళ్ళేసరికి పెద్దకర్మకు పందిరి వేస్తున్నారు.

మన ఇళ్ళలో ఇది కొత్త కాదు. ప్రేమతోనే చేస్తారు. ఆ ఇంట్లో ఎవరినీ తప్పు పట్టే ఉద్దేశం నాకు లేదు. కానీ నా పట్టిక చూడండి. 'ఏం జరిగింది' అన్న గడిలో అతను రోజూ రాసింది "ఏమీ జరగలేదు, ఆరు అయింది" అని. మూడు వారాలు ఆ వాక్యం చదివి, "ఆరింటికి ఏముంటుంది?" అని నేను అడగలేదు. యాంగ్జైటీకి కారణం ఉండనక్కరలేదని నాకు తెలుసు కనుక అడగలేదు. ఆ తెలియడమే అడ్డుపడింది.

బెంగ అని తెలిసిన మర్నాడే దడ పోయిందని చెప్పను. పోలేదు. ఆ వారం అంకె 85కు పెరిగింది. ఊపిరి అభ్యాసం అతను మానలేదు, అది పనికొచ్చింది కూడా. అయితే గడిలో మాట మారింది. ఒక రోజు "బెంగ" అని ఉంది. రెండు రోజుల తరువాత "కోపం, నాన్న మీద" అని ఉంది. యాంగ్జైటీతో ఏం మాట్లాడాలో అతనికి తెలియలేదు. నాన్నతో ఏం మాట్లాడాలో నెమ్మదిగా తెలిసింది.

అలిగారా, విరిగిందా

ఒక జంట. పెళ్ళయి ఆరేళ్ళు. భార్య పది రోజులుగా మాట్లాడటం లేదని భర్త ఫిర్యాదు. అతను చదువుకున్నవాడు, ఓపిక ఉన్నవాడు. కోపంలో ఉన్న మనిషిని కదిలించకూడదని, కొంత ఎడం ఇవ్వాలని ఎక్కడో చదివి, పక్క గదిలో పడుకుంటున్నాడు. నా కాగితంలో నేను కూడా మా పరిభాషలో ఏదో రాసుకున్నాను. మౌనంతో ఎదుటివారిని శిక్షించడం అన్న అర్థం వచ్చే మాట అది.

ఆమె తలెత్తి ఒకే వాక్యం అంది. "నాకు కోపం లేదు. అలిగాను."

తెలుగువాళ్ళకు ఈ తేడా వివరించనక్కరలేదు. సత్యభామ మన మనసుల్లో నిలిచిపోయింది అలిగినందుకే. పెళ్ళిలో అల్లుడి కోసం అలకపాన్పు వేసిన జాతి మనది. కోపం దూరంగా పొమ్మంటుంది. అలక దగ్గరకు రమ్మంటుంది, కాకపోతే ముఖం అటు తిప్పుకుని రమ్మంటుంది. బతిమాలించుకునే హక్కు తనకుందని నమ్మకం ఉన్నవాళ్ళే అలుగుతారు. ఆ భర్త ఆమెకు ఇచ్చిన ఎడం, ఆమె లెక్కలో, తలుపు మూసేయడమే అయింది. ఆయన చేసింది కోపానికి సరైన మందు, అలకకు విషం.

అప్పటి నుంచి భార్యాభర్తలు వచ్చినప్పుడు నేను మొదట తెలుసుకోవాలనుకునేది ఇదే: ఇది అలకా, మనసు విరగడమా? అలకలో ఇంకా ఆశ ఉంటుంది. మనసు విరిగిందని ఒక మనిషి అంటే, పాలు విరిగిన తరువాత పొయ్యి మంట తగ్గించి లాభం లేదన్నట్టే. అక్కడ చేయవలసిన పని పూర్తిగా వేరు. విడిపోవడాన్ని మర్యాదగా, పిల్లల మీద దెబ్బ పడకుండా జరిపించడం కూడా ఆ పనిలో ఒకటి కావచ్చు. ఈ తేడాను పట్టించే ప్రశ్నావళి నాకు చదువులో దొరకలేదు. మా అమ్మ మాటల్లో దొరికింది.

నరాల బలహీనత

మా చదువులో మంచి నియమం ఒకటి ఉంది. కేస్ షీటు మొదట్లో, వచ్చిన మనిషి తన బాధను ఏమని చెప్పారో వాళ్ళ మాటల్లోనే రాయాలి. నియమం గొప్పది. ఆచరణలో ఏం జరుగుతుందంటే, "ఏ పనీ చేయబుద్ధి కావడం లేదు, కడుపులో దేవినట్టు ఉంటుంది, ఇల్లు కరవడానికి వస్తోంది" అని ఆవిడ తెలుగులో చెబుతుంటే, మేము ఇంగ్లిషులో 'లో మూడ్' (మనసు కుంగి ఉంది) అని రెండు మాటలు రాసి కింది వరుసకు వెళతాం. ఇల్లు కరవడానికి రావడం ఎక్కడికి పోయింది? ఆ ఇంట్లో నిన్నటి దాకా ఎవరున్నారు, ఇవాళ ఎవరు లేరు?

మనవాళ్ళు మనసు బాధను ఒంటి మీదకు తెచ్చుకుని చెబుతారని, భావాలను భావాలుగా చెప్పలేరని మా పాఠాల్లో ఒక ధోరణి ఉంది. నేను కూడా చాలాకాలం అదే నమ్మాను. గుండె జారింది, కడుపు తరుక్కుపోయింది, ఒళ్ళు మండింది, కాళ్ళూ చేతులూ ఆడలేదు అని చెప్పే మనిషికి భావం చెప్పడం రాదని ఎలా అంటాం? ఎంత బాగా వచ్చో చూడండి. భయానికి గుండె, జాలికి కడుపు, కోపానికి ఒళ్ళు. చాలావరకు ఒకదాని చోట మరొకటి వాడరు.

అమెరికన్ సైకియాట్రిస్టు ఆర్థర్ క్లెయిన్‌మన్ 1982లో చైనాలోని హునాన్ నుంచి ఒక అధ్యయనం ప్రచురించాడు. అక్కడ న్యూరస్తీనియా అన్న పేరుతో వైద్యం పొందుతున్న వంద మందిని పరీక్షించాడు. చైనీస్‌లో ఆ జబ్బు పేరుకు అర్థం నరాల బలహీనత. మన ఊళ్ళ గోడల మీద రాతలు చూసిన ఎవరికైనా ఆ మాట చుట్టమే. ఆ వంద మందిలో 87 మందికి, అమెరికా కొలతల ప్రకారం, డిప్రెషన్ ఉంది. ఇక్కడ ఆగితే ఇంగ్లిషు పేరే గెలిచినట్టు. కానీ మందులు ఇచ్చాక లక్షణాలు తగ్గినవారిలో కూడా చాలామంది జీవితం బాగుపడలేదు. వాళ్ళ బాధల మూలాలు ఉద్యోగాల్లో, ఇళ్ళలో, మావో కాలపు సాంస్కృతిక విప్లవం నాటి గాయాల్లో ఉన్నాయి. 'నరాల బలహీనత' ఆ కష్టాలను ఎవరికీ ప్రమాదం లేకుండా చెప్పుకునే పద్ధతి. మందు డిప్రెషన్‌కు పనిచేసింది. మిగతాది మిగిలే ఉంది.

జింబాబ్వేలో ఇంకొక దారి తొక్కారు. 2006లో హరారేలో డిక్సన్ చిబండా అనే సైకియాట్రిస్టు, ఆసుపత్రి ఆవరణల్లో చెక్క బల్లలు వేయించి, వాటి మీద శిక్షణ పొందిన అమ్మమ్మలను కూర్చోబెట్టారు. స్నేహబల్ల అనుకోవచ్చు మనం. ఆ అమ్మమ్మలు డిప్రెషన్ అన్న మాట వాడలేదు. షోనా భాషలో కుఫుంగిసిసా అన్నారు. అంటే మరీ ఎక్కువగా ఆలోచించడం. మన దగ్గర "ఆలోచనలు ఎక్కువయ్యాయండీ" అంటారే, అచ్చం అదే. ఆ మాట విని జనం వచ్చి కూర్చున్నారు. 2016లో ఆ పద్ధతిని శాస్త్రీయంగా పరీక్షించిన ఫలితాలు వచ్చాయి. బల్ల మీద కూర్చుని మాట్లాడినవారిలో ఆరు నెలల తరువాత లక్షణాలు, మామూలు వైద్యం పొందినవారి కంటే, బాగా తక్కువగా ఉన్నాయి.

ఇది చదివినప్పుడు నాకు కళ్ళు చెమర్చాయి. నా గది బయట కూడా ఒక బల్ల ఉంది. దాని మీద మూడు వారాలు ఒక నాయనమ్మ కూర్చున్నారు.

అయినా ఇంగ్లిషు పేరు కావాలి

ఇంతవరకు చదివి, తెలుగు మాటలుండగా ఈ జబ్బుల పేర్లెందుకు అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ఎందుకో చెబుతాను.

నాలుగు నెలల బాలింత. "కాస్త దిగులుగా ఉంటోందండీ, అంతే" అన్నారు భర్త. అత్తగారు బాలింత నీరసం అన్నారు. సొంత తల్లి "బిడ్డను చూసుకుని సంతోషించక దిగులెందుకే" అన్నారట. ఆ అమ్మాయి రాత్రులు నిద్రపోవడం మానేసి చాలా రోజులైంది. బిడ్డ ఏడుస్తుంటే తాను లేకపోతేనే ఆ బిడ్డ బాగుంటుందని అనిపిస్తోందని నాతో మాత్రమే, భర్తను బయటకు పంపాక, చెప్పింది. అదే రోజు సైకియాట్రిస్టు దగ్గరకు పంపాను. ఆయన ఆ కుటుంబాన్ని కూర్చోబెట్టి ప్రసవం తరువాత వచ్చే డిప్రెషన్ అని, ఇది జబ్బు అని, మందు ఉందని చెప్పారు. ఆ అమ్మాయి అడిగిన మొదటి మాట: "అయితే ఇది నా తప్పు కాదా?"

దిగులు అన్న మాట ఆమెను నాలుగు నెలలు దాచిపెట్టింది. ఇంటి మాటల్లో ఉన్న లోపం ఇదే. దిగులు పడతాం, బెంగ పెట్టుకుంటాం. పెట్టుకున్నది నువ్వే కనుక తీసేయవలసింది కూడా నువ్వే అన్న ధ్వని ఆ క్రియలోనే ఉంది. "ఎందుకు పెట్టుకుంటావు, వదిలెయ్యి" అని సులువుగా అనేస్తారు. డిప్రెషన్ 'వచ్చింది' అంటే ఆ నింద లేదు. పైన నేను తప్పుపట్టిన క్రియే ఇక్కడ ఒక ప్రాణాన్ని కాపాడింది. ఈ రెండు మాటలనూ నేను ఒకే చేత్తో పట్టుకోవలసి వస్తోంది, అది తేలికగా లేదు.

2015-16లో బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ ఆధ్వర్యంలో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే, వయోజనుల్లో 10.6 శాతం మంది ఏదో ఒక మానసిక సమస్యతో ఉన్నారని తేల్చింది. సమస్యను బట్టి 70 నుంచి 92 శాతం మందికి వైద్యం అందడం లేదని కూడా చెప్పింది. ఆ సర్వే జరిగిన 12 రాష్ట్రాల్లో మన రెండు తెలుగు రాష్ట్రాలూ లేవు. ఇక్కడి వాళ్ళు ఏ మాటలతో బాధ చెప్పుకుంటారో ఇంటింటికీ వెళ్ళి వినే అవకాశం అలా తప్పిపోయింది. వైద్యం అందని వాళ్ళలో ఎందరు ఇంట్లో 'దిగులు' పేరుతో ఉండిపోయారో అని నాకు భయం వేస్తుంది. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలి మానస్ నంబరు 14416కు ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు. అక్కడ "నాకు డిప్రెషన్" అనే మొదలుపెట్టాలని లేదు. "ఇల్లు కరుస్తోంది" అన్నా చాలు.

పరాయి భాష ఒక్కోసారి గొడుగు కూడా. 2003లో వెలువడిన ఒక పరిశోధనలో, టర్కిష్ మాతృభాషగా పెరిగి తరువాత ఇంగ్లిషు నేర్చుకున్నవారికి చిన్ననాటి తిట్లు రెండు భాషల్లోనూ వినిపించారు. సిగ్గు లేదూ, అన్నలాంటివి. మాతృభాషలో విన్నప్పుడు మనసు ఉలికిపాటును చర్మపు చెమటలో కొలిచే యంత్రం ఎక్కువగా కదిలింది. ఇంగ్లిషులో అంత లేదు. చిన్నప్పుడు బంధువు చేతిలో జరిగినదాన్ని ఒక అమ్మాయి నాకు మొత్తం ఇంగ్లిషులోనే చెప్పింది. అబ్యూజ్ అంది. ఆ మాటకు తెలుగు అడగలేదు నేను. అడగకూడదు. తెలుగులో చెబితే ఆ గది, ఆ మధ్యాహ్నం, ఆ మనిషి పేరు పెట్టి పిలిచిన గొంతు, అన్నీ లేచి వస్తాయి. ఆమెకు ఇంగ్లిషు చేతికి తొడుక్కున్న గుడ్డలాంటిది. వేడి గిన్నెను అలాగే పట్టుకోగలిగింది. ఎనిమిది నెలల తరువాత ఒక రోజు తానే తెలుగులోకి వచ్చింది, మధ్యలో, ఒక వాక్యం సగంలో. నేను ఊపిరి కూడా గట్టిగా తీయలేదు.

అందుకే 'ఇంట్లో వాడే పేరు అడగాలి' అన్న నా మాటకు ఒక షరతు పెట్టుకుంటున్నాను. ఆ పేరు వాళ్ళు ఇచ్చినప్పుడు తీసుకోవాలి. లాక్కోకూడదు. ఆ నాయనమ్మ మాటను మనవడి ముందుకు తేవడానికి కూడా నేను వారం రోజులు తటపటాయించాను. ఇరవై ఏళ్ళవాడు, గదిలో చెప్పినది గదిలోనే ఉండాలి. బయట బల్ల మీది మాట లోపలికి రావచ్చా? రావచ్చనే నిర్ణయించుకున్నాను, లోపలి మాట మాత్రం బయటకు వెళ్ళకూడదని. ఆవిడకు నేను ఏమీ చెప్పలేదు. ఆవిడ కూడా అడగలేదు.

ఇప్పుడు కేస్ షీటులో మొదటి రెండు వరుసలు తెలుగులో రాస్తున్నాను, అన్నది అన్నట్టు. "మీ ఇంట్లో దీన్ని ఏమంటారు?" అని అడుగుతున్నాను. కొందరు ఆలోచించి చెబుతారు. కొందరు "ఇంట్లో దీని గురించి మాట్లాడరండీ" అంటారు, అది కూడా రాసుకుంటాను.

పోయిన వారం ఒక పెద్దాయన ఫోన్ చేశారు. కూతురు టెక్సస్‌లో ఉంటోంది. అక్కడి డాక్టరు డిప్రెషన్ అని మందులు రాశారట. ఆయన అటు నుంచి మెల్లగా అడిగారు: "డిప్రెషన్ అంటే బెంగేనా అమ్మా?"

వెంటనే జవాబు చెప్పలేకపోయాను. అవునంటే, ఆ మాత్రానికి మందులెందుకని మాన్పిస్తారేమో. కాదంటే, తనకు అర్థం కాని జబ్బేదో కూతురికి అంటుకుందని రాత్రంతా కూర్చుంటారు. మందులు మాత్రం మాన్పించవద్దని, అవి అవసరమని రెండుసార్లు చెప్పాను. రేపు ఉదయం ఫోన్ చేసినప్పుడు, బెంగగా ఉందా అని ఒక్కసారి అమ్మాయినే అడిగి చూడమన్నాను.

మర్నాడు పదకొండింటికి మళ్ళీ ఆయనే. "అడిగానమ్మా. చాలాసేపు ఏడ్చింది. పెరట్లో నూతి దగ్గర జామచెట్టు ఉందా, కొట్టేశారా అని అడిగింది. ఉందని చెప్పాను. తరువాత మందు వేసుకుని పడుకుందట."